పులుపు ఎప్పుడు, బెల్లం ఎప్పుడు: నలుగురికి ఒక పూట వంట

దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, చారు, తీపికి బెల్లం పరమాన్నం. గుంటూరులోనో బెజవాడలోనో ఏ ఇంట్లోనైనా ఆదివారం మధ్యాహ్నం కనపడే వంటే ఇది. వీటిలో ఏదీ కష్టమైంది కాదు. అయినా పప్పు ఎంతకీ మెదగదు, పచ్చడి చేదెక్కుతుంది, పరమాన్నం దించబోయే ముందు విరుగుతుంది. కొలతలు సరిగ్గానే ఉంటాయి, తేడా వచ్చేది వేసే వేళలో. చింతపండు, ఉప్పు, బెల్లం ఏ క్షణాన గిన్నెలో పడ్డాయన్న దాని మీదే ఈ ఐదూ ఆధారపడి ఉంటాయి. కింద కొలతలన్నీ నలుగురికి. కప్పు అంటే 200 మిల్లీలీటర్లు, చెంచా అంటే టీ చెంచా.

పొయ్యి వెలిగించే ముందు

గోంగూర ముందురోజు సాయంత్రమే ఒలిచి, కడిగి, పాత పంచె మీదో తువ్వాలు మీదో పలచగా పరవండి. ఫ్యాను గాలికి తెల్లారేసరికి తడి పోతుంది. ఎండలో పెడితే ఆకు వడిలి ముడుచుకుపోతుంది, అలా చేయొద్దు.

వంటకు అరగంట ముందు ముప్పావు కప్పు కందిపప్పు రెండుసార్లు కడిగి నానబెట్టండి. చింతపండు రెండు గిన్నెల్లో విడివిడిగా నానేయండి: పప్పుకి ఉసిరికాయంత, అంటే 10 గ్రాములు, చారుకి చిన్న నిమ్మకాయంత, 20 గ్రాములు. వేడినీళ్లు పోస్తే పది నిమిషాల్లో మెత్తబడుతుంది. పరమాన్నానికి అరకప్పు బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నాననివ్వండి. పరమాన్నం ముందుగా ఒక పొయ్యి మీద సన్నసెగన పెట్టేస్తే, మిగతా నాలుగూ పక్క పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటి అయిపోతాయి. గంటన్నర పని.

దోసకాయ పప్పు

పసుపుపచ్చ దోసకాయ మధ్యరకంది ఒకటి తీసుకోండి, 300 గ్రాములుంటే చాలు. గట్టిగా, బరువుగా ఉండాలి. కాయను నిలువునా కోసి, ముచ్చిక వైపు నుంచి ఓ ముక్క, గింజల దగ్గర నుంచి ఓ ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఒక్క చేదు కాయ పడితే గిన్నెడు పప్పూ పారబోయాల్సిందే. కొద్దిగా పుల్లగా తగిలితే మంచిదే, అప్పుడు చింతపండు సగానికి తగ్గించుకోండి. చెక్కు తీసి, గింజలు లేతగా ఉంటే ఉంచి, ముదిరితే గీకేసి, అంగుళం ముక్కలు కోయండి.

నానిన కందిపప్పులో రెండు కప్పుల నీళ్లు, పావు చెంచా పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి కుక్కర్లో పెట్టండి. నూనె వేస్తే నురగ విజిల్‌లోకి ఎగదన్నదు. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఎనిమిది నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతట అదే పోవాలి. గరిటెతో విజిల్ పైకెత్తి ఆవిరి వదిలితే నురగా పప్పూ కలిసి పైకి చిమ్ముతాయి, పైగా చివరి ఐదు నిమిషాల మగ్గుడు పోతుంది. మూత తీశాక పైన తేలిన కట్టు అరకప్పు చారుకి తీసి పక్కన పెట్టుకుని, మిగిలిన పప్పుని పప్పుగుత్తితో పైపైన మెదపండి. మరీ గంధంలా చేస్తే పప్పు రుచి పోయి పులుసులా జారుతుంది.

కుక్కరు ఆరేలోపు ఇంకో గిన్నెలో దోసకాయ ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి ఆరు, ఒక ఉల్లిపాయ తరుగు, ఒకటింపావు చెంచా ఉప్పు, కప్పు నీళ్లు వేసి మూత పెట్టి ఉడికించండి. ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. గరిటె అంచుతో నొక్కితే ముక్క తెగాలి, చితకకూడదు. ఆ స్థితికి వచ్చాకే చింతపండు రసం పోయాలి. నాలుగు నిమిషాలు మరిగితే పచ్చివాసన పోతుంది. అప్పుడు పప్పు కలిపి, సన్నసెగ మీద మూడు నిమిషాలు ఉడకనిచ్చి దించండి.

చింతపండు కూడా కుక్కర్లోనే పడేసి మూత బిగించేవాళ్లున్నారు. ఒక గిన్నె తోమే పని తప్పుతుంది, నిజమే. కానీ పులుపు తగిలిన పప్పు మెత్తబడదు. గింజలోని కణాల్ని అతికి పట్టుకునే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్లలో ఉడికితే కరిగిపోతుంది, పుల్లటి నీళ్లలో బిగుసుకుపోతుంది. దోసకాయ ముక్కదీ అదే సంగతి. ముక్క మెత్తబడక ముందు పులుసు పోస్తే ఇరవై నిమిషాలు ఉడికించినా పళ్ల కింద కరకరలాడుతుంది. గోంగూర పప్పు, మామిడికాయ పప్పు, టమాటా పప్పు అన్నిటికీ ఇదే నియమం. పుల్లటిది ఏదైనా సరే విడిగా ఉడికించి, మెత్తబడ్డ పప్పులో కలపండి.

పులుపు వేయకపోయినా పప్పు ఉడకట్లేదంటే రెండు అనుమానాలు పెట్టుకోండి. ఒకటి, నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే అది కూడా పులుపు చేసే పనే చేస్తుంది. పప్పు వరకు తాగడానికి తెచ్చుకునే టిన్ను నీళ్లు వాడి చూడండి, ఒక్క పూటలో తెలిసిపోతుంది. రెండు, పప్పు పాతదై ఉండొచ్చు. ఏడాది దాటిన కందిపప్పుని వేడినీళ్లలో గంటసేపు నానబెడితే దారికొస్తుంది. వంటసోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది గానీ ఓ రకం సబ్బువాసన వస్తుంది. అది ఆఖరి మార్గం.

తాలింపుకి రెండు చెంచాల నూనె, చెంచా నెయ్యి కాచి, అర చెంచా ఆవాలు వేయండి. అవి చిటపటలాడటం మొదలయ్యాకే చెంచా మినప్పప్పు, మూడు ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి ఆరు రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే జీలకర్ర, చిటికెడు ఇంగువ, చివర కరివేపాకు. జీలకర్ర మొదట్లోనే వేస్తే ఆవాలు పేలేసరికి మాడుతుంది. పులుపు ఎక్కువైందనిపిస్తే చెంచా పంచదార వేసి సర్దకండి, శనగలంత బెల్లం ముక్క వేస్తే సరిపోతుంది.

గోంగూర పచ్చడి

కట్టల లెక్క నమ్మొద్దు. పటమట రైతుబజార్లో కట్టకీ గుంటూరు కొల్లి శారద మార్కెట్లో కట్టకీ పోలికే ఉండదు. ఒలిచిన ఆకు 200 గ్రాములు తూచుకోండి. ఎర్ర కాడ గోంగూర బాగా పులుపు, పచ్చడికి అదే సరైంది. తెల్ల గోంగూర పులుపు తక్కువ, పప్పుకి బాగుంటుంది. తెల్ల గోంగూరతోనే పచ్చడి చేయాల్సి వస్తే నానబెట్టిన చింతపండు గోళీకాయంత కలపండి.

మిరపకాయల సంగతి. గుంటూరు సన్నం, అంటే 334 రకం అయితే పదిహేను కాయలు. తేజ అయితే తొమ్మిది చాలు. కాయ సన్నగా చిన్నగా ఉన్నా ఘాటు దానిదే ఎక్కువ. తేజని పదిహేను వేసి ఆకు తక్కువైందనుకుంటూ కూర్చుంటే లాభం లేదు. ఎరుపు రంగు కూడా కావాలంటే ముడతలు పడి ఉండే బ్యాడిగి కాయలు నాలుగు వేసి, సన్నం కాయలు రెండు తగ్గించండి. తొడిమలు తీసి, కాయ లోపల బూజు ఉందేమో ఒకటి రెండు విరిచి చూడండి.

బాణలిలో చెంచా నూనె వేసి, సన్నసెగ మీద అర చెంచా మెంతులు వేయించండి. వీటి దగ్గరే ఉండాలి. పసుపు నుంచి లేత ఎరుపుకి తిరగగానే రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, వెంటనే మిరపకాయలు వేసి, కాయ ఉబ్బి నిగనిగలాడేదాకా వేయించి పళ్లెంలోకి తీసేయండి. బాణలిలోనే వదిలేస్తే మంట ఆపినా ఆ వేడికే మాడతాయి. మెంతి నల్లబడిందంటే పచ్చడి చేదే. ఉప్పు, నూనె, బెల్లం ఏం కలిపినా ఆ చేదు పోదు. దినుసులు పారేసి మళ్లీ వేయించుకోవడం చవక.

అదే బాణలిలో మూడు పెద్ద చెంచాల నూనె వేసి, ఆరిన ఆకు వేయండి. మూత పెట్టొద్దు. ఆకు పచ్చదనం పోయి మట్టిరంగుకి తిరుగుతుంది, నీరు వదులుతుంది, తర్వాత ఆ నీరు ఇగిరి ముద్దవుతుంది. అట్లకాడతో కలుపుతూ ఉంటే పది నిమిషాలు పడుతుంది. ముద్ద బాణలిని వదిలి, అంచున నూనె కనపడితే అయినట్టు. ఇక్కడ తొందరపడి నీరు ఉండగానే దించితే రెండోరోజుకే పైన బుడగలు వస్తాయి.

రోలు ఉంటే రోట్లో, లేకపోతే మిక్సీలో, ముందు వేయించిన దినుసుల్ని చెంచాన్నర రాళ్ల ఉప్పుతో బరకగా కొట్టండి. తర్వాత వెల్లుల్లి పది రెబ్బలు. గోంగూర ముద్ద చల్లారాక ఆఖర్న వేసి, మిక్సీ అయితే రెండే రెండు తిప్పులు. నీళ్లు చుక్క కూడా వద్దు. అన్నీ ఒకేసారి వేసి తిప్పితే ఆకు పేస్టయిపోతుంది, మిరప గింజలు మాత్రం అలాగే ఉంటాయి. రెండు పెద్ద చెంచాల నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టి, నూనె చల్లారాక కలపండి.

గిన్నె గురించి ఒక మాట. గోంగూర పులుపు అల్యూమినియాన్నీ, కళాయి లేని ఇత్తడినీ తినేస్తుంది. ఇనప బాణలిలో వేయిస్తే నల్లబడుతుంది. స్టీలు బాణలి, గాజు సీసా లేదా జాడీ వాడండి. ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటుంది. బయటైతే చలికాలం మూడు రోజులు, ఎండాకాలం ఒక్క రోజు. ఏడాది నిల్వ పచ్చడికి ఉప్పూ నూనే పద్ధతీ వేరు, ఈ కొలతతో నిల్వ పెట్టొద్దు. వేడన్నంలో పచ్చి ఉల్లిపాయ ముక్క నంజుకోవడం మరవకండి, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదనుకోండి.

దొండకాయ వేపుడు

400 గ్రాముల లేత దొండకాయలు. పండి లోపల ఎర్రబడ్డవి ఏరేయండి, అవి వేగవు, ముద్దవుతాయి. కడిగి తుడిచి, నిలువునా నాలుగు చీలికలు చేయండి. వెడల్పాటి మూకుట్లో మూడు పెద్ద చెంచాల నూనె వేడెక్కాక ముక్కలు వేసి, మధ్యరకం మంట మీద పది నిమిషాలు ఉప్పు లేకుండా వేగనివ్వండి. ఉప్పు మొదట్లోనే వేస్తే ముక్క నీరు కార్చి, వేగడానికి బదులు ఉడుకుతుంది. అంచులు ముడుచుకున్నాక చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు వేసి మరో ఏడెనిమిది నిమిషాలు. రెండు పెద్ద చెంచాల పుట్నాల పప్పు, అంతే ఎండుకొబ్బరి, చెంచాన్నర కారం, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలిపి పొడి కొట్టి, మంట పూర్తిగా తగ్గించి చల్లండి. రెండు నిమిషాలు తిప్పి దించేయాలి. కారం పొడి అంతకు మించి బాణలిలో ఉంటే మాడి నల్ల చుక్కలవుతుంది.

చారు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మెత్తబడాల్సిన పప్పూ ముక్కా లేవు కాబట్టి పులుపే ముందు. నానిన చింతపండు పిసికి, వడగట్టి, అంతా కలిపి నాలుగు కప్పులయ్యేట్టు నీళ్లు పోయండి. చితిపిన టమాటా ఒకటి, చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, కరివేపాకు రెబ్బ వేసి పది నిమిషాలు కళపెళ మరగనివ్వండి. పచ్చి చింతపండు వాసన పోయిందో లేదో ముక్కే చెబుతుంది. అప్పుడు పప్పు కట్టు అరకప్పు పోయండి.

మిరియాలు, జీలకర్ర, ధనియాలు చెంచా చొప్పున, వెల్లుల్లి నాలుగు రెబ్బలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి, ఆఖర్న వేయాలి. వేశాక నురగ గిన్నె అంచుకి పొంగి రాగానే ఆపేయండి. ఇంకా మరిగిస్తే ఆ ఘుమఘుమ ఇల్లంతా వస్తుంది గానీ చారులో మిగలదు, పైగా మిరియం చేదు దిగుతుంది. నేతి తాలింపు, కొత్తిమీర వేసి మూత పెట్టండి. పొడి వారానికి సరిపడా చేసి డబ్బాలో పెట్టుకుంటే పని తేలికే. చారు మాత్రం అంతంత మాత్రంగా ఉంటుంది.

అన్నం సంగతి ఇక్కడే చెప్పేస్తే సరి. ఈ భోజనానికి పాత సాంబ మసూరి బాగుంటుంది. బీపీటీ 5204 అనే ఈ రకం 1986లో బాపట్లలోనే పుట్టింది. పాత బియ్యానికి కప్పుకి రెండున్నర కప్పుల నీళ్లు, కొత్త బియ్యానికి రెండు. కొత్త బియ్యం తొందరగా ముద్దవుతుంది. ఆ గుణమే పరమాన్నానికి కావాలి.

బెల్లం పరమాన్నం

కావలసినవి: కొత్త బియ్యం అరకప్పు, పెసరపప్పు రెండు పెద్ద చెంచాలు, చిక్కటి పాలు 750 మిల్లీలీటర్లు, నీళ్లు కప్పున్నర, తురిమిన బెల్లం 150 గ్రాములు, నెయ్యి మూడు పెద్ద చెంచాలు, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు నాలుగు, తినే పచ్చకర్పూరం బియ్యపు గింజంత. పచ్చకర్పూరం రెండు గింజలంత పడితే పరమాన్నం నోట పెట్టలేరు.

అడుగు మందంగా ఉండే గిన్నెలో పెసరపప్పుని చెంచా నెయ్యిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. నానిన బియ్యం, నీళ్లు పోసి ఉడికించి, నీళ్లు దాదాపు ఇగిరాక పాలు పోయండి. పాలలోనే మొదటినుంచీ ఉడికిస్తే రెట్టింపు సేపు పడుతుంది, అడుగంటే ప్రమాదమూ ఎక్కువే. సన్నసెగ మీద ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు. ఐదేసి నిమిషాలకోసారి గరిటె అడుగుకి తగిలేలా తిప్పుతూ, అంచున కట్టిన మీగడ లోపలికి గీకుతూ ఉండండి. ఒకవేళ అడుగంటిన వాసన వస్తే గరిటె పెట్టి గీకకుండా పైభాగం ఇంకో గిన్నెలోకి వంచేయండి.

ఒక మెతుకు తీసి బొటనవేలుతో చూపుడువేలు మీద నలపండి. వెన్నలా సాగాలి. మధ్యలో సూదిమొనంత పలుకు తగిలినా ఇంకా ఉడకనివ్వాల్సిందే. ఎందుకంటే బెల్లం పడ్డాక మెతుకు ఇక మెత్తబడదు. తీపి నీటిని పట్టేసుకుని మెతుకుని ఇంకాస్త బిగిస్తుంది. అన్నంలో తినడానికి సరిపోయే ఉడుకు పరమాన్నానికి చాలదు.

ఈలోగా బెల్లంలో పావుకప్పు నీళ్లు పోసి కరిగించి, ఒక్క పొంగు రానిచ్చి వడగట్టండి. పాకం పట్టనక్కర్లేదు. వడపోతలో ఇసక, చెరుకు పీచు కనపడతాయి. అనకాపల్లి బెల్లమైనా సరే వడగట్టే పని తప్పదు. మరీ తెల్లగా, పసుపు మెరుపుతో ఉన్న దిమ్మ కంటే ముదురు తేనె రంగు దిమ్మ కొనుక్కోండి. రంగు తేలడానికి బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ అనే మందు కలపడం ఉంది.

ఇప్పుడు అసలు ఘట్టం. పరమాన్నం పొయ్యి మీద నుంచి దించండి. పదిహేను నిమిషాలు వదిలేయండి. గిన్నె అంచుని చేత్తో పట్టుకుని ఐదు లెక్కపెట్టగలిగితే వేడి దిగినట్టు. బెల్లం నీళ్లు కూడా గోరువెచ్చగా అయి ఉండాలి. అప్పుడు సన్నధారగా పోస్తూ కలపండి. మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు. బెల్లంలో కొంత ఆమ్లగుణం ఉంటుంది, పాతబడే కొద్దీ అది పెరుగుతుంది. మరిగే పాలలో అది పడితే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి నీరు విడిపోతుంది. అదే పాలు చల్లబడి ఉంటే, అందులో బియ్యపు గంజి కూడా చిక్కగా కలిసి ఉంటుంది కాబట్టి తట్టుకుంటాయి. వేడివేడిగానే వేసినా మాకెప్పుడూ విరగలేదు అనేవాళ్లుంటారు. వాళ్ల బెల్లం మంచిదై ఉంటుంది, మీ బెల్లం సంగతి వేస్తేగాని తెలియదు. అనుమానం ఉంటే చెంచా బెల్లం నీళ్లని పావుకప్పు వేడి పాలలో వేసి ముందే చూసుకోండి.

విరిగిపోతే మళ్లీ కలవదు. పారేయనక్కర్లేదు, పాలు అప్పటికి పాడైనవి కాకపోతే తినడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇంకో రెండు చెంచాల నెయ్యి వేసి సన్నసెగన దగ్గరపడేదాకా తిప్పితే కోవాలా పలుకులు పలుకులుగా వస్తుంది. దాన్ని వేరే పేరుతో వడ్డించుకోవచ్చు.

మిగిలిన నేతిలో జీడిపప్పు దోరగా వేయించి, కిస్‌మిస్ ఉబ్బాక నేతితో సహా కలపండి. యాలకుల పొడి, పచ్చకర్పూరం ఆఖర్న. దించినప్పుడు జారుగా కనపడాలి, ఎందుకంటే చల్లారితే రెట్టింపు చిక్కబడుతుంది. బాగా గట్టిపడితే కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పావుకప్పు పోసి కలపండి.

మిగిలితే

45 డిగ్రీల దాకా ఎండ కాసే ఊళ్లివి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పప్పు సాయంత్రం దాకా బయట ఉంచొద్దు. తాలింపు వేయకముందే రాత్రికి కావలసింది తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించి అప్పుడు తాలింపు పెట్టుకోండి. చారు కూడా అంతే. పరమాన్నాన్ని మాత్రం నేరుగా పొయ్యి మీద పెట్టకండి, బెల్లం అందులోనే ఉంది కదా. గిన్నెని వేడినీళ్ల పళ్లెంలో పది నిమిషాలు ఉంచితే చలి వదిలి తినడానికి వీలవుతుంది. రెండో రోజు దాటితే వద్దు.